అక్షరాలున్న కార్డు

“నీ ఆఫీసు కార్డులు మస్తుగ మండుతయి పిల్లా, కిరసనాయిల్ గూడ అక్కర్లే,” అనేది రాజేశ్వరమ్మ, తెల్లారకముందే నీళ్ల పొయ్యి ముందట కూసోని. కోడలు రత్నకుమారి ఉప్పల్ల ఒక ఆఫీసుల కంప్యూటర్ దగ్గర పనిచేసేది. పనంటే, సార్లు కాగితాల మీద రాసిచ్చింది మిషన్ మీద టకటక కొట్టి అట్టకార్డులకు చిల్లులు పొడవాలె. ఆ చిల్లులనే కంప్యూటర్ చదువుకుంటది. తప్పు పడ్డ కార్డులను పారెయ్యబుద్ధిగాక టిఫిన్ సంచిల ఏసుకోని నాచారం ఇంటికి తెచ్చేది. నాలుగున్నరకు లేసి, వంట జేసి, డబ్బాలు గట్టి, బస్సుకు ఉరికేది. మళ్ల సాయంత్రం అదే పొయ్యి. రైల్వేల గుమాస్తా జేసే మొగడు ఉమాపతి మాత్రం “నీదేం పని, చిల్లులు పొడుసుడే గద” అని నవ్వెటోడు.

డెబ్బై నాలుగుల, ఎండలు ముదిరినంక వచ్చింది కష్టం. ఆ కంప్యూటర్ ఒక్కటే, దాన్ని వాడుకునే డిపార్ట్‌మెంట్లు మూడు. ఒకళ్ల ఫైళ్లు ఇంకొకళ్లు ముట్టొద్దని రత్నకుమారి పై అధికారి విశ్వనాథం సారు తమ ఫైళ్లకు రహస్యం మాటతోని తాళమేసిండు. జిల్లాల బావుల లెక్కలన్నీ దాంట్లనే ఉన్నయి. రత్నకుమారి, తారామణి, ఇంకిద్దరు ఆడపిల్లలు ఏడాది పొడుగునా కొట్టినవి. ఆ కార్డులేమో జాగ లేదని పాత కాగితాలోనికి అమ్మేసిన్రు. తాళం తియ్యాలంటే రహస్యం మాట కొట్టిన కార్డు ముందుగాల పెట్టాలె. ఆ రోజు కార్డులు చదివే మిషన్ ఆ కార్డునే నమిలి ముక్కలు జేసింది.

మాట సారుకు గుర్తులేదు. ఎవ్వరూ ఊహించొద్దని అర్థం పర్థం లేని అక్షరాలు ఎంచుకున్నడు, రాసుకున్న చీటీ ఎవరన్నా చూస్తరని చింపేసిండు. పెద్దసార్లంతా చుట్టూ నిలబడి తలలు గోక్కున్నరు. రత్నకుమారి “సార్” అనబోతే, “నువ్వు కాసేపాగమ్మా, అందరికీ టీ చెప్పు,” అన్నడాయన. టీ వచ్చింది, తాగిన్రు, ఆఖరికి తీర్పు చెప్పిన్రు. రేపట్నుంచి నలుగురు ఆడోళ్లు ఆదివారాలు గూడ ఏడింటిదాకా కూసోని అంతా మళ్ల మొదట్నుంచి కొట్టాలె. ఒప్పుకోనోళ్లు మానుకోవచ్చు. అందరివీ టెంపరరీ కొలువులే.

ఇంట్ల ఆ సంగతి చెప్పిందో లేదో, ఉమాపతి లోపలికి పోయి ఇంగ్లీషుల రాజీనామా రాసుకోనొచ్చిండు. “ఏడింటిదాకనా? మరి ఇల్లెవరు జూడాలె? కింద సంతకం పెట్టు చాలు.” ఎంత చక్కగ రాసిండో. కొలువుల చేరిన మూడేండ్ల సంది ఆమె పేరు మీద ఆయన రాసిన మొదటి కాగితం అదే.

బియ్యం ఏరుకుంట రత్నకుమారి ఒక్కటే ఆలోచన జేసింది. ఆ రహస్యం ఎవరి చేతుల మీదికెళ్లి పోయింది? తన చేతులే కొట్టినయి గద. చూసి కొట్టుడే గని సదివింది లేదు. మామూలుగ కార్డు మీద అక్షరాలు పడవు, సిరా రిబ్బను అరుగుతదని అక్షరాలు అచ్చయ్యే మీట బందువెట్టుకుంటరు. రహస్యం మాట కొట్టిననాడు బందువెట్టుడు మరిచిపోయింది. కార్డు నెత్తిన అక్షరాలు నల్లగ పడ్డయి. “ఎవరైనా చదివితే? చింపేసి, అక్షరాల్లేకుండా ఇంకోటి కొట్టు,” అని కసిరిండు సారు. చింపిందా? చింపలే. సంచిల పడ్డది.

దిగ్గున లేసి అత్త దగ్గరికి ఉరికింది. “అత్తమ్మా, నేను తెచ్చిన కార్డులేవి?”

“ఏవి ఏంది పిల్లా, నీళ్ల పొయ్యిల పెట్టిన. నిన్నటితోని అయిపాయె.”

రత్నకుమారి గోడకానుకోని కిందనే కూసుంది. “దాంట్ల ఒకదాని మీద అక్షరాలుండే అత్తమ్మా.”

“అచ్చరాలున్నదా? దాన్నెట్ల పెడత పొయ్యిల? సరస్వతి గద.” ముసలామె దేవుని అర్ర లోపలికి పోయి, పటాల ఎనకకెళ్లి ఒక కార్డు తీసుకోనొచ్చింది, పసుపు మరకతోని. “మా అన్నల పుస్తకాలు ఏనాడు ముట్టనియ్యలే నన్ను. కాలు దగిలితే కండ్లకద్దుకునుడే నాకొచ్చిన సదువు. ఏమని రాసుందే?”

“ఏం లేదత్తమ్మా, ఉట్టి అక్షరాలే.”

“ఉట్టియైతే ఎందుకేడుస్తున్నవ్?”

తెల్లారి కార్డు చూపిస్తే విశ్వనాథం సారు చెయ్యి చాపిండు. రత్నకుమారి ఇయ్యలే. “మరకున్నది సార్, కొత్తది నేనే కొడత,” అని మిషన్ ముందట కూసోని, ఒక్కొక్క అక్షరం ఈసారి చదువుకుంట కొట్టింది. తనే తీస్కపోయి కంప్యూటర్‌కు పెట్టింది. జరసేపు ఏం లేదు. తర్వాత కాగితం గలగల బయటికొచ్చింది, మొదటి వరుసల మేడిపల్లి బావి. తారామణి కొంగుతోని మొకం తుడుసుకోని, “ఆదివారం నా ఒళ్లు నాదేనా ఇగ?” అన్నది. నలుగురు పడి పడి నవ్విన్రు.

సారు కొత్త రహస్యం మాట చీటీ మీద రాసి, రెండు మడతలు పెట్టి, “ఇది ఎవరికీ తెలియకూడదు,” అనుకుంట ఆమె దాకా వచ్చి ఆగిపోయిండు.

“కొట్టాల్సింది నేనే గద సార్,” అన్నది రత్నకుమారి, నెమ్మదిగ.

ఆయన చీటీ దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. తాళాలు ఎవరి దగ్గరున్నయో రాసే రిజిస్టరు తెప్పిచ్చి, తన పేరు కింద ఇంకో పేరుకు గీత గీసిండు. “ఇద్దరి దగ్గర ఉండటమే మంచిది. నీ పూర్తి పేరేంటమ్మా?” మూడేండ్లల్ల మొదటిసారి అడుగుడు. ఆమె చెప్పలే, పెన్ను తీసుకోని తనే రాసి సంతకం జేసింది.

ఐదున్నరకల్లా ఇల్లు చేరింది. ఉమాపతి అరుగు మీద పేపర్ చదువుకుంట, తల ఎత్తకుండనే అడిగిండు. “సంతకం పెట్టినవా?”

“పెట్టిన,” అన్నది చెప్పులు ఇడుసుకుంట, “నువ్వు రాసిన కాగితం మీద గాదు.”