శుక్రవారం నాటి లెక్కింపు

పాలకొల్లు బట్టల వర్తకుల సంఘం ఎన్నికలు జరిపించే పని నా నెత్తిన పడింది. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. కొట్టు లేనివాణ్ణి కాబట్టి ఎవరి పక్షమూ కాదని వాళ్ళ నమ్మకం.

ఓట్ల పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది పాత అధ్యక్షుడు బుల్లిబాబు దగ్గర. ఓట్లు వేసిన రోజే లెక్క తేలాలి, తేలకపోతే పాతవాళ్ళే ఇంకో ఏడాది ఉంటారు. ఇది సంఘం నిబంధన. బుల్లిబాబు మీద చీరల కొట్టు ప్రసన్నలక్ష్మి నిలబడింది. గెలిస్తే సంఘం గోడౌన్‌లో చిన్న కొట్లవాళ్ళకూ చోటిస్తానంది. గాలి ఆవిడ వైపే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఓటింగ్ అయిపోయింది. మూడింటికి లెక్కింపు మొదలెడదామన్నాను.

"వర్జ్యమండీ మాస్టారూ! దీపాలు పెట్టాక చూసుకుందామండి" అన్నాడు బుల్లిబాబు.

వర్జ్యమంటే కాదనే వర్తకుడెవడు? అందరూ తలూపారు. నేనూ సరేనని చచ్చాను.

దీపాలు పెట్టాక బుల్లిబాబు చేతులూపుకుంటూ వచ్చాడు.

"తాళంచెవి మా ఇనప్పెట్టె గుత్తిలో ఉండిపోయిందండి. శుక్రవారం దీపాలు పెట్టాక మా అమ్మగారు దాన్ని గుమ్మం దాటనివ్వరండి."

ఔరా, వీడి అసాధ్యం కూల! నాకు ఒళ్ళు మండిపోయింది. హాల్లో వర్తకులంతా అదీ న్యాయమేనన్నారు. శుక్రవారం రాత్రి వాళ్ళ ఇళ్ళల్లోంచి మజ్జిగ తోడు కూడా బయటికి పోదు మరి. తాళం పగలగొడితే కోర్టుకెక్కుతాడు.

ప్రసన్నలక్ష్మి మొహం పాలిపోయింది. అయినా లేచి నిలబడింది.

"బయటికి ఇవ్వకూడదు, అంతే కదండీ? లోపలికి రావచ్చు కదా. పెట్టెనే అక్కడికి పట్టుకెళ్దాం."

అందరం పెట్టె మోసుకుంటూ బుల్లిబాబు ఇంటికి వెళ్ళాం. వాళ్ళ అమ్మ అమ్మణ్ణి గారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. ప్రసన్నలక్ష్మి సంగతంతా చెప్పింది.

"శుక్రవారం పూట ఇంటికొచ్చే పెట్టెను కాదంటామా? రండమ్మా, రండి" అని ఆవిడే రెండో తాళం తీసింది.

వాళ్ళ హాల్లోనే చాప పరిచి లెక్కపెట్టాం. ప్రసన్నలక్ష్మి గెలిచింది. చిన్న కొట్లవాళ్ళు ఈలలు వేశారు. నాకూ వెయ్యాలనిపించింది గానీ, అధికారిని కదా, ఊరుకున్నాను.

"పిన్నిగారూ, సంఘం తాళంచెవి ఇక నాకు రావాలండి" అంది ప్రసన్నలక్ష్మి.

"ఇవాళ ఇవ్వనమ్మా. రేపు పొద్దున్నే మావాడు మీ కొట్టుకు తెచ్చిస్తాడు."

బుల్లిబాబు ఉలిక్కిపడ్డాడు. "రేపు శనివారమే అమ్మా! ఇనుము చేతికివ్వకూడదు."

అమ్మణ్ణి గారు కొడుకు వంక తేరిపార చూసింది.

"చేతికివ్వకురా. ఆవిడ ముందు కింద పెట్టి, దణ్ణం పెట్టి రా."