రాయిస్ తెచ్చిన గొట్టాలు

రాయిస్ ఆ గొట్టాల కట్టను తెచ్చి నా వంటింటి బల్ల మీద, అప్పుడే పొయ్యిలోంచి తీసిన మొక్కజొన్న రొట్టె పక్కన పెట్టాడు. కింద ఒక కాగితమైనా వెయ్యలేదు. పాత నూనె మరక నా బల్లగుడ్డ మీద మెల్లగా పాకింది. అతను చూస్తూనే ఉన్నాడు, తియ్యలేదు.

రాయిస్ మా ఆయన లోవెల్‌కి అన్న. లోవెల్ పోయాక మాకు మిగిలింది ఈ ఇల్లు, గరాజ్‌లో ఒక పాత జపాన్ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నారింజ రంగు. అలాంటి కార్లున్నవాళ్లు ఒహాయో నలుమూలల నుంచీ అక్టోబర్‌లో ఆకులు ఎర్రబడే రోజుల్లో హాకింగ్ కొండల్లో కలుస్తారు. లోవెల్ ఒక్క ఏడాదీ మానలేదు. ఈసారి మా అబ్బాయి కోల్బీ వెళ్తానన్నాడు, తను చేసుకోబోయే పిల్ల టెస్సాని పక్కన కూర్చోబెట్టుకుని. కానీ ఇంజన్‌లోంచి పొగను బయటికి తీసుకెళ్లే పోత ఇనుప ముక్క పగిలిపోయింది. దాని బదులు హెడర్ వెయ్యాలి. ఇంజన్ నుంచి ఆరు గొట్టాలు విడివిడిగా బయల్దేరి, కిందకి వంగి, ఒకటిగా కలుస్తాయి. పొగ తేలిగ్గా పోతుంది, కారు వేగంగా పోతుంది అంటారు. వేగంగా అన్న మాటే నాకు పడదు.

కోల్బీ మనసు పడ్డ హెడర్ వేరు. ఒరెగాన్‌లో ఒకాయన చేతితో చేస్తాడట, ఇంజన్‌కి ఆనే అంచు పలక దళసరిగా ఉంటుందట. కానీ అది హాకింగ్ మీట్ అయిపోయాక గానీ రాదు. రాయిస్ తెచ్చింది అతని షెడ్డులో ఎప్పటినుంచో పడున్నది. గొట్టాలు పల్చన, పలక ఇంకా పల్చన. ఇక నన్నడిగితే, పగిలిన ఇనుపదానికే వెల్డింగ్ పెట్టించుకుని నెమ్మదిగా నడపమనేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

అయినా చెప్పాను. గొట్టాలు కిందకి వేలాడితే రైలు పట్టాలు దాటేచోట తగులుకుంటాయన్నాను. వాటి పైనే కార్బురేటర్లు ఉన్నాయి, ఒక్క చుక్క పెట్రోల్ కారితే బిడ్డ కాలిపోతాడన్నాను. చప్పుడు ఎక్కువైతే పోలీసులు ఆపుతారు, ఆపితే ఏం జరుగుతుందో ఎవరికి తెలుసన్నాను. రాయిస్ రొట్టె ముక్క విరుచుకుని నములుతూ కోల్బీతో మాట్లాడాడు, నేను గదిలో లేనట్టే.

"మీ అమ్మ టోస్టర్‌ని చూసి కూడా భయపడుతుందిరా. ఆవిడ మాట వింటే నువ్వు ఇప్పటికీ మూడు చక్రాల సైకిలే తొక్కుతుండేవాడివి."

కోల్బీ నవ్వాడు. రాయిస్ మాటకన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ గుచ్చింది.

అప్పుడు నేనూ ఊరుకోలేదు. రాయిస్ బతుకంతా అమెరికా ట్రక్కులు చేసే ప్లాంట్‌లో పనిచేశాడు, అక్కడ విదేశీ కార్లని గేటు దాటనివ్వరు. లోవెల్ ఈ జపాన్ కారు కొన్న రోజుల్లో, దాన్ని తన ఇంటి ముందు ఆపొద్దని సొంత తమ్ముడికే చెప్పాడు. థాంక్స్ గివింగ్ పండగ భోజనానికి మేం వీధి చివర కారు ఆపి, కూర గిన్నె చేత్తో పట్టుకుని మంచులో నడిచి వెళ్లేవాళ్లం. అదంతా కోల్బీ ముందే చెప్పాను. ఆ కారు యజమాని బతికున్నన్నాళ్లూ దాన్ని అసహ్యించుకుని, ఇప్పుడు దానికి పెద్దదిక్కులా వచ్చి కూర్చోవడానికి సిగ్గుండాలన్నాను. రాయిస్ మీసానికి అంటిన రొట్టె పొడి తుడుచుకుని, కారుకి మొగవాడి చెయ్యి కావాలి అన్నాడు. కోల్బీ గొట్టాలెత్తుకుని గరాజ్‌లోకి వెళ్లిపోయాడు. అంటే తేలిపోయిందన్నమాట.

శనివారం ఇద్దరూ బిగించారు. కాఫీ పట్టుకెళ్లే నెపంతో నేను గరాజ్ గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఇంజన్‌లో గాలి లోపలికి పీల్చే గొట్టాల పలకా, పొగ బయటికి పంపే గొట్టాల పలకా పక్కపక్కనే ఉంటాయి. రెంటినీ ఒకే నట్లు పట్టుకుంటాయి. ఒక్కో వాషర్ సగం దీని మీద, సగం దాని మీద కూర్చోవాలి. కోల్బీ టార్చి పట్టుకుని వంగి చూసి, వాషర్లు ఏటవాలుగా కూర్చున్నాయన్నాడు. గాలి వైపు పలక ఎత్తు, రాయిస్ తెచ్చినది పల్లం.

"గట్టిగా బిగించు, అదే సర్దుకుంటుంది," అన్నాడు రాయిస్.

"అంకుల్, పొగ పలక మీద వాషర్ ఆనడమే లేదు."

"నువ్వు పుట్టకముందు నుంచి నేను నట్లు బిగిస్తున్నా. ఒరెగాన్ వాడి కోసం కూర్చుంటావా, హాకింగ్ వెళ్తావా?"

కోల్బీ బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఎదురింటి కుక్క మంచం కిందకి దూరిందట, వాళ్లావిడ ఫోన్ చేసి మరీ చెప్పింది. నా కొడుకు ముఖం విప్పారింది. లోవెల్ పోయాక వాడి ముఖం అలా చూడలేదు. దానికి కారణం రాయిస్ కావడం నాకు మింగుడు పడలేదు.

ఆ వారం కోల్బీ, టెస్సా కారులో ఊరంతా తిరిగారు. చలి మొదలైంది, అద్దాలు ఎత్తుకుని హీటర్ వేసుకునేవారు. తిరిగొచ్చిన ప్రతిసారీ వాడు తలనొప్పి అని సోఫాలో వాలిపోయేవాడు. టెస్సా ఒకరోజు మా భోజనాల బల్ల దగ్గరే, చిల్లీ కూర గిన్నె ముందు, కునికిపాట్లు పడింది. నేను వాడి కోటు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పొగ కంపు.

ఆ కారులో ఎక్కొద్దని చెప్పాను. ఎక్కితే ఆ పొగకి నిద్రలోనే పోతారన్నాను. కోల్బీ విసుక్కున్నాడు. విసుక్కోడా మరి? వాడి చిన్నప్పుడు ట్రాంపోలిన్ మీద మెడ విరుగుతుందన్నాను, విరగలేదు. జ్ఞానదంతం పీకించుకుంటే మత్తులోంచి లేవవన్నాను, లేచి ఐస్‌క్రీమ్ తిన్నాడు. నా మాటకి ఆ ఇంట్లో అంతే విలువ మిగిలింది.

పైగా ఆ కార్లవాళ్లంతా ఒక్కటే మాట. కోల్బీ క్లబ్బులో ఎవరికో ఫోన్ చేస్తే, వాళ్లు నవ్వి, ఈ కార్లన్నీ కంపు కొడతాయి, అద్దం కాస్త దించుకో అన్నారట. భార్యలు పక్కన కూర్చోవడానికి ఒప్పుకోరనీ, ఆ బట్టలు వేరేగా ఉతకాలనీ జోకులు కూడా చెప్పారట. రాయిస్ అయితే దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు.

"ఆ వాసన రాకపోతే అది పాత కారే కాదు, వెర్నా. లోవెల్ ఒంటి మీద ఎప్పుడూ అదే వాసన."

లోవెల్ ఒంటి మీద వాసన గురించి అతను నాకు చెప్పడమా! నేను గిన్నె సింక్‌లో గట్టిగా పడేశాను.

బయల్దేరే రోజు పొద్దున రాయిస్ ముందే వచ్చాడు. కారు బయటికి తీసి ఇంజన్ వేడెక్కించాడు. కోల్బీ లోపల సంచులు సర్దుకుంటున్నాడు. టెస్సా ఇంకా రాలేదు. గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. కొండల దాకా పోయేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఈ చలికి అద్దాలు దించరు. వంటింటి కిటికీలోంచి ఆ పొడుగాటి ముక్కు చూస్తే నాకు కారు కాదు, శవపేటిక కనిపించింది. చేతులు తుడుచుకోకుండానే బయటికి వెళ్లి, రాయిస్ పక్క సీట్లో కూర్చుని తలుపేసుకున్నాను.

"ఏంటిది?" అన్నాడు.

"అద్దం ఎత్తు."

"నాకు నీతో ఎక్కడికీ వెళ్లే పని లేదు."

"ఎక్కడికీ వద్దు. ఇక్కడే కూర్చుందాం. వాసనే కదా అన్నావు." నా వైపు అద్దం తిప్పి ఎత్తాను. హీటర్ మీట చివరిదాకా జరిపాను. "ముందు తలుపు తీసినవాళ్లు ఓడినట్టు. నువ్వు తీస్తే ఆ గొట్టాలు ఇవాళే ఊడదియ్యాలి. నేను తీస్తే ఇక జన్మలో నోరెత్తను."

ఆ చివరి మాట అతనికి నచ్చినట్టుంది. తన వైపు అద్దం ఎత్తాడు.

వేడి గాలి మోకాళ్ల మీదికి వచ్చింది, దాంతోపాటు ఆ కంపూ వచ్చింది. నాకు చచ్చేంత భయం వేసింది. లిఫ్ట్ ఎక్కాలన్నా మెట్లే ఎక్కే మనిషిని నేను. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, తలుపు వైపు పోకుండా.

"లోవెల్ నిన్నెలా భరించాడో," అన్నాడు రాయిస్.

"భరించాడు. నువ్వు కారు నీ ఇంటి ముందు పెట్టనిస్తే ఇంకొంచెం సుఖంగా భరించేవాడు."

"అది ప్లాంట్ రూలు."

"నీ ఇంటి ముంగిట్లో ప్లాంట్ రూలేంటి?"

నేను కూర గిన్నె సంగతి ఎత్తాను, ఆసుపత్రికి ఒక్కసారే వచ్చి, అదీ లోవెల్ నిద్రపోతుంటే వెళ్లిపోయిన సంగతి ఎత్తాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. నా కణతల దగ్గర ఏదో కొట్టుకోవడం మొదలైంది. చాలాసేపు చూసి చూసి అన్నాడు:

"అది ప్లాంట్ రూలు."

నేను అడిగింది ఆసుపత్రి గురించి. అతని వైపు తిరిగాను. చెయ్యి స్టీరింగ్ మీద ఉంది గానీ, ఎక్కడో మర్చిపోయిన చెయ్యిలా ఉంది. కళ్లు సగం మూసుకున్నాయి. గెలిచాను అనుకున్నాను. తలుపు తియ్యాలి అని కూడా అనుకున్నాను. చెయ్యి తొడ కింద నుంచి రాలేదు. ఎందుకు తియ్యాలో కూడా సరిగ్గా గుర్తు రాలేదు.

చల్లగాలి ముఖానికి తగిలింది. కోల్బీ నన్ను చంకల కింద పట్టుకుని బయటికి లాగేశాడు. టెస్సా అప్పుడే వచ్చిందట, అద్దం కొట్టి కొట్టి, మేం తిరిగి చూడకపోతే వాడిని కేకేసిందట. వాడు తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. రాయిస్‌ని టెస్సా బయటికి దించింది. అతను తపాలా పెట్టె స్తంభం పట్టుకుని తిన్నదంతా కక్కాడు. కక్కుతూనే, పొద్దున తిన్న సాసేజ్ మంచిది కాదన్నాడు.

టెస్సా అంబులెన్స్‌ని పిలిచింది. వాళ్లు మా ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి ముక్కులకి ఆక్సిజన్ పెట్టారు. ఆసుపత్రికి రమ్మంటే, ఆవిడ వస్తే నేను రాను అన్నాడు రాయిస్. చివరికి ఇద్దరం వెళ్లాం. దారంతా అతను వెనక తలుపు వైపూ, నేను ముందు వైపూ చూస్తూ కూర్చున్నాం.

మేం తిరిగొచ్చేసరికి కోల్బీ బానెట్ ఎత్తి చూస్తున్నాడు. చివరి రెండు గొట్టాలు ఇంజన్‌కి అతికే చోట మసి విసనకర్రలా పరుచుకుంది. వాషర్లు ఆననిచోటే. కారు లోపలికి గాలి పోయే దారి సరిగ్గా దాని వెనకే ఉంది. నేను వెళ్లి చూశాను. రాయిస్ చూడలేదు.

నా కొడుకు నన్ను మెచ్చుకుంటాడని అనుకున్నానో, ఏడుస్తాడని అనుకున్నానో తెలియదు.

"నువ్వు చచ్చిపోతే?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆయన మీద గెలవడానికి నా కారులో, నా కళ్ల ముందు చచ్చిపోయేదానివి."

"నువ్వు వెళ్లకుండా ఉండడానికి," అన్నాను.

"నాకు చెప్పాల్సింది."

"వారమంతా చెప్పాను కదరా."

దాంతో వాడి కోపం ఇంకా పెరిగింది. కోల్బీ ఆ స్పానర్ల పెట్టె తెచ్చి రాయిస్ కాళ్ల దగ్గర పెట్టి, ఇక ఈ కారు మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. నాతో ఆ మాత్రం కూడా అనలేదు. మర్నాడు టెస్సా కారులో ఇద్దరూ హాకింగ్ వెళ్లారు. కొండల దగ్గర దిగాక ఫోన్ చేసింది టెస్సా, వాడు కాదు.

దళసరి పలక హెడర్ ఒరెగాన్ నుంచి వచ్చేసరికి నిజమైన మంచు పడింది. వాడే బిగించుకున్నాడు, గరాజ్ తలుపు కిందిదాకా దించుకుని. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ రాయిస్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేనూ కోటు వేసుకుని బయటికి వచ్చాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా ఆ మూసిన తలుపుకేసి చూస్తూ నిలబడ్డాం. లోపల స్పానర్ చప్పుడు ఆగింది. ఇంజన్ అందుకుంది.

"తలుపేసుకుని ఇంజన్ వెయ్యకూడదు," అన్నాను, తలుపుకి వినపడేలా.

"మళ్లీ మొదలెట్టింది," అన్నాడు రాయిస్, గాలికి చెప్పినట్టు.

లోపల అడుగుల చప్పుడైంది. తలుపు కిర్రుమంటూ లేచి, జానెడు ఎత్తులో ఆగింది. కింద నుంచి వాడి బూట్లు మాత్రం కనిపించాయి. తలుపు అంతకన్నా పైకి లేవలేదు.

"వెచ్చదనమంతా బయటికి పోతోంది. కుర్రాడికి చలేస్తుంది," అని రాయిస్ తలుపు దించడానికి వంగాడు.

నేను నా బూటు కాలు తలుపు కింద పెట్టాను.