మానెడు జొన్నల కుక్క

ఏ జబ్బూ లేని జీవికి సూది వేయించడమంటే దేవుడి మీద నమ్మకం లేకపోవడమేనా? ఈ సందేహం ఎల్లస్వామిని ఏళ్ల తరబడి వదల్లేదు. బొగ్గుబావిలో పనిచేసినన్నాళ్లూ అది అతణ్ణి అంతగా పీడించలేదు. అక్కడ షిఫ్టు మొదలవ్వకముందే గ్యాస్ ఉందో లేదో చూడాలి, చూడందే ఎవరూ అడుగు ముందుకు వెయ్యరు. అతడు దేవుడికి దండం పెట్టుకునేవాడు, గ్యాస్ చూశారా అని కూడా అడిగేవాడు. రిటైరై దమ్మపేటలో ఇల్లు కట్టుకున్నాకే, దండం ఒక్కటి చాలుననిపించింది.

ఆ రోజు పొద్దున అతడి కుక్క కర్రోడు అడవి వైపు నుంచి కుంటుకుంటూ వచ్చింది. దాని భుజం మీద గాటు. వెనకాలే పాలు పోసే పూలి వచ్చి కబురు చెప్పింది. ఇప్పచెట్ల కింద పిచ్చినక్క తిరుగుతోందట, కర్రోడు దానితోనే కలబడిందట.

"ఏటా వేయించే సూది ఈసారి వేయించినవా?" అని అడిగింది భార్య బతుకమ్మ.

ఎల్లస్వామి వేయించలేదు. సూది వేయించాల్సిన నెలలోనే అతడు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నవాడు కుక్కను ముట్టడు. "పక్కకు జరుగు స్వామీ" అంటూ దాన్ని కూడా స్వామి అనే పిలిచి దూరం పెట్టాడు. శబరిమల నుంచి వచ్చాక మనసు నిండుగా ఉండి, అంతా స్వామి చూసుకుంటాడులే అనుకున్నాడు.

చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, సబ్బు నీళ్లతో గాయాన్ని చాలాసేపు కడిగాడు. కర్రోడు నాలుక చాపగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తన కుక్కను చూసి తాను భయపడటం అదే మొదలు.

"మూతి కట్టాలె, గుడ్డ తే" అన్నాడు.

బతుకమ్మ చేతికి అందింది దీక్షలో కట్టిన నల్ల పంచె. ఇద్దరూ ఒక క్షణం దాన్నే చూశారు. ఆమె చింపలేకపోయింది. అతడే చింపాడు.

కర్రోడిని ఎక్కించుకున్న ఆటో సందు చివర టైలరు మహబూబ్ అలీ దుకాణం ముందు నెమ్మదించింది. కర్రోడు పుట్టింది ఆ దుకాణం మెట్ల కిందే. "కుక్కపిల్లను ఉట్టిగ తీస్కపోతే ఇంట్ల నిలవదంటరు, మానెడు జొన్నలన్న ఇచ్చిపో" అని ఆయన ఆనాడే చెప్పాడు. రేపిస్తానన్నాడు ఎల్లస్వామి. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

"ఏందన్నా, నా జొన్నల్ని మూతిగట్టి ఎటు తీస్కపోతున్నవ్?"

"పిచ్చినక్క కరిచింది భాయ్!" బతుకమ్మ ఏడుపు గొంతుతో అరిచింది.

మహబూబ్ అలీ మొహంలో నవ్వు మాయమైంది.

పశువుల దవాఖానాలో డాక్టరు భాను అడిగిన మొదటి మాట, "ఈ ఏడు సూది పడ్డదా?"

"లేదమ్మా."

ఆమె వంగి కర్రోడి భుజం మీది గాటు చూసింది. "నెలల కొద్దీ మనిషి తాకకుండ బంధించి పెట్టాలె. మీ సందుల పిల్లలున్నరా?"

"ఉన్నరమ్మా."

"బంధించుడు చేతకాకుంటే నిద్రపుచ్చాల్సొస్తది."

ఎల్లస్వామి బల్ల అంచు పట్టుకున్నాడు. అప్పుడే తలుపు దగ్గర రొప్పు వినిపించింది. మహబూబ్ అలీ సైకిలు మీద వచ్చి చెమటలు కక్కుతున్నాడు.

"పడ్డది మేడమ్, సూది పడ్డది! క్రిస్మస్ ముందట దీని అమ్మను తెచ్చినప్పుడు దీన్నిగూడ తెచ్చిన. నా టోపీ లాక్కొని ఉరికింది, యాదికి లేదా?"

"ఆ టోపీ దొంగనా ఇది!" డాక్టరు మొహం తేటపడింది. "అయితే భయం తక్కువ. ఇయ్యాల మళ్ల సూది ఏస్త. నెలన్నర కట్టేసి కనిపెట్టుండాలె. గాయం కడిగింది ఎవరు? మీరిద్దరూ మనుషుల దవాఖానకు జల్దీ పోయి చూపించుకోండి."

బయటికొచ్చాక ఎల్లస్వామి అడిగాడు. "నాకెందుకు చెప్పలే భాయ్?"

"నువ్వు మాలల ఉంటివి. కుక్క పేరెత్తితే మొఖం తిప్పుకుంటివి. మళ్ల చెప్తే, జొన్నలతోని సూదికిగూడ బాకీ అడుగుతడనుకుంటవని ఊకున్న."

"మరి నీకు నమాజుంటది గదా? దాని సొల్లు తాకితే?"

"మట్టిపెట్టి రుద్ది రుద్ది కడుక్కున్న. ఇంటి ముందు బోరుండంగ నీళ్లకు కరువా?"

స్వామి చూసుకుంటాడులే అని తాను వదిలేసిన పనిని స్వామి ఈయన చేత చేయించాడా? లేక ఈయనే చేసి ఊరుకున్నాడా? ఎల్లస్వామికి తేలలేదు. ఇంకా నెలన్నర ఉంది. రోజూ పొద్దున్నే కర్రోడు నీళ్లు తాగుతుందో లేదో చూడాలి, షిఫ్టుకు ముందు గ్యాస్ చూసినట్టు.

పెద్ద దవాఖానాలో చూపించుకుని వస్తూ అతడు కిరాణా దుకాణం దగ్గర ఆటో ఆపించాడు. సూది పడింది, దండం పెట్టుకోవడమూ అయింది. ఇంకొక్కటి మిగిలింది.

సందు చివర దిగి, జొన్నల పొట్లం తెచ్చి కుట్టుమిషన్ మీద పెట్టాడు.

"ఇన్నేండ్లకా! పుచ్చిపోలే గదా?" అన్నాడు మహబూబ్ అలీ.

"కొత్తయే. కొలుచుకో భాయ్. తక్కువుండొద్దు, అది ఇంట్ల నిలవాలె."

అతడి గొంతు విని మహబూబ్ అలీ ఇంక నవ్వలేదు. మిషన్ ఆపి, లోపల్నుంచి మానె తెచ్చి, గింజ కింద పడకుండా జొన్నలు నిండుగా కొలుచుకున్నాడు.