తొమ్మిదో నంబరు సంచి

వైన్ కొట్టు వెనక గదిలో గ్లాసులు కడిగే అమ్మాయిని అందరూ గ్లాసులమ్మాయి అనే పిలుస్తారు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి. ఆ గదిలో చేరి ఏడాదిన్నర అయింది. ఈ ఏడాదిన్నరలో ఆమె నేర్చుకున్నది మాత్రం ఏ బడిలోనూ చెప్పరు. కడగబోయే ముందు ప్రతి గ్లాసూ ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. తాగదు. ఇంట్లో ఎనిమిది నెలల పిల్ల ఉంది, పాలిచ్చే తల్లి. వాసన చూస్తే పిల్లకేమవుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది, ఆ తర్వాత పిల్ల ఒక్క తుమ్ము తుమ్మినా అందుకేనేమోనని రెండు రోజులు హడలిపోతుంది.

సముద్రం పక్క తోటల నుంచి వచ్చే తెల్ల వైన్ గ్లాసులో నిమ్మతొక్క, తొలి వాన పడ్డ బండరాయి. ఎండ మండిపోయే రాళ్ళ నేలల ఎర్ర వైన్‌లో మిరియాలు, పాత చెప్పుల దుకాణం. ఇక తీపి వైన్ గ్లాసయితే ఆమెకు కడగబుద్ధే కాదు. భోజనాలయ్యాక చిన్న గ్లాసుల్లో బొటనవేలంత పోసుకుని తాగే వైన్ అది. ఖాళీ అయిపోయాక కూడా తేనె, ఎండిన నారింజ తొక్క అడుగున అంటిపెట్టుకునే ఉంటాయి.

ఈ పనిలో ఆమె గురువు ముక్కుగారు. ముప్పై ఏళ్ళుగా వైన్ రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే పెద్దాయన. ఎదురుగా అందరూ సార్ అంటారు, వెనకాల ముక్కుగారంటారు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చేరిన మొదటి వారంలోనే ఆమెను నిలబెట్టి చెప్పాడు.

"చూడమ్మాయ్, కడిగిన గ్లాసు తుడిచి, ఈ తెరిచిన అరలో మూతి పైకి ఉండేలా పెట్టాలి. బోర్లించావో, లోపలి గాలి మగ్గిపోతుంది. అట్టపెట్టెలో మాత్రం చచ్చినా పెట్టకు. అట్ట వాసన గ్లాసుకి పడుతుంది, గ్లాసు వాసన వైన్‌కి పడుతుంది. చివరికి పాపం, పండించినవాడి కొంప మునుగుతుంది."

ఏడాదిన్నర పాటు ఆ మాట జవదాటలేదు. రెండు వారాల కిందట పిల్లకు జ్వరమొచ్చింది. అత్తగారు ఫోన్ చేసి ఒళ్ళు పెనంలా కాలిపోతోందే అంది. అరలో చోటు లేదు. తీపి వైన్ గ్లాసులు ఆరు, తడి కూడా సరిగ్గా ఆరనివి, పక్కనున్న అట్టపెట్టెలో బోర్లించేసి పరిగెత్తింది. రేపు తీసి కడుగుదాం అనుకుంది. ఆ రేపు రానేలేదు.

వచ్చింది రుచి చూసే రోజు. అది ఏడాదికి ఒక్కసారి. ఆ రోజు నచ్చిన సీసాలే ఏడాదంతా కొట్లోనూ, ఎదురు వీధి పెద్ద హోటల్లోనూ ఉంటాయి. ముందు మూడు తెల్లవి, తర్వాత మూడు ఎర్రవి, చివర మూడు తీపివి. ఏది ఎవరిదో తెలియకుండా ప్రతి సీసాకూ గుడ్డసంచి తొడిగి, మీద నంబరు కడతారు. ఆ సంచులు తొడిగేది గ్లాసులమ్మాయే. అందుకని ఆ కొట్లో ఆ పూట ఏ నంబరు ఎవరిదో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

తొమ్మిదో నంబరు కొండమీది పెద్దావిడది. మిగతావాళ్ళంతా సీసాలు పార్శిల్లో పంపితే, ఈవిడ రెండు సీసాలు ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు బస్సులో వచ్చింది. కూర్చోవడానికి ముందుగదిలో చోటు లేక వెనక గదిలో, గ్లాసుల పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

"ద్రాక్ష గుత్తులు కోసి చాపల మీద ఎండబెడతామమ్మా, మూడు నెలలు. రాత్రి మంచు పడకుండా కప్పడం, పొద్దున్నే తీయడం. పసిపిల్లల్ని సాకినట్టే," అంది పెద్దావిడ. "ఈ ఏడాది కూడా ఎవరూ తీసుకోకపోతే ఆ పై చెక్క పొలంలో తీగలు పీకేద్దామంటున్నాడు మా ఆయన. నడుం వంగట్లేదుగా ఇద్దరికీ."

"మీది తప్పకుండా తీసుకుంటారు పెద్దమ్మా," అంది గ్లాసులమ్మాయి. మాటవరసకు అన్నది కాదు. సంచి తొడిగేటప్పుడు ముక్కుగారు అప్పటికే బిరడా తీసి ఉంచిన ఆ సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి చూసింది. అంత మంచి వాసన ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు.

పెద్దావిడ నవ్వబోయి, ఆమె జాకెట్టు వైపు చూసి గొంతు తగ్గించింది. "పాలు కారుతున్నాయమ్మా, చూసుకోలేదా?"

గ్లాసులమ్మాయికి తల కొట్టేసినట్టయింది. లోపలికి గ్లాసులు తీసుకెళ్ళాలి, ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడాలి. పెద్దావిడ తన శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పి, ముందుకు లాగి ముడేసింది. "ఇప్పుడు మహారాణిలా ఉన్నావ్. పో, పోయి రా."

లోపల బల్ల చుట్టూ యజమానురాలు, ముక్కుగారు, హోటలు వంటమాస్టర్. మధ్యలో రేకు బకెట్టు. నోట్లో పోసుకోవడం, పుక్కిలించడం, బకెట్లో ఉమ్మడం. ఉమ్మకపోతే నాలుగో సీసాకల్లా అన్నీ అమృతమే అంటారని ముక్కుగారి వాదన. వంటమాస్టర్ మాత్రం ఎర్ర వైన్ దగ్గరికొచ్చేసరికి ఉమ్మడం మర్చిపోతుంటాడు.

తీపి వైన్‌లకు తొమ్మిది చిన్న గ్లాసులు కావాలి. అరలో ఉన్నవి ఆరే. ఏడు, ఎనిమిది నంబర్లకు అవి సరిపోయాయి. "అమ్మాయ్, ఇంకో మూడు," అని కేక వినపడగానే కంగారులో చేతికి దొరికిన పెట్టెలోంచి మూడు తీసి, బట్టతో ఒక తుడుపు తుడిచి బల్ల మీద పెట్టింది. తొమ్మిదో సంచి వంచి పోశారు.

మామూలుగా ముక్కుగారు వైన్ పోయకముందే ఖాళీ గ్లాసు వాసన చూస్తాడు. ఆ రోజు వంటమాస్టర్ ఏదో జోకు వేస్తే నవ్వుతూ ఆ పని మరిచాడు. వైన్ ముక్కు దగ్గరికి రాగానే నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటిది?"

"తడిసిన అట్ట," అన్నాడు వంటమాస్టర్. "మా స్టోరులోకి నీళ్ళు కారినప్పుడు అచ్చం ఇదే కంపు."

"బిరడా పాడయ్యుంటుంది," అంది యజమానురాలు. "రెండో సీసా ఉందిగా, తెరవండి. ఒక్క సీసా చూసి తీసెయ్యడం పాపం. అమ్మాయ్, గ్లాసులు కూడా మార్చు."

గ్లాసులమ్మాయి వెనక్కి వెళ్ళింది. అర ఖాళీ. పెట్టెలో ఇంకా మూడున్నాయి. వంగి ఒకటి తీసింది. అలవాటుకొద్దీ చెయ్యి దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. తడిసిన అట్ట.

వైన్‌ది కాదు, బిరడాది కాదు. తనదే.

వేడినీళ్ళతో కడిగి తుడిస్తే రెండు నిమిషాల పని. కాని ఎందుకు ఆలస్యమైందంటారు, అడిగితే చెప్పాలి, చెబితే తీసేస్తారు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి పిల్లకు పాలిచ్చి రానిచ్చే పని ఊరంతా గాలించినా ఇంకోటి దొరకదు. పక్కనే స్టూలు మీద పెద్దావిడ, "ఏమంటున్నారమ్మా? బాగుందంటున్నారా?" అని అడుగుతోంది.

"గ్లాసులు తెమ్మంటే కొత్తవి తయారుచేస్తున్నావా తల్లీ?" లోపల్నుంచి వంటమాస్టర్ గొంతు.

ఆ మూడూ శాలువా అంచుతో తుడిచి పట్టుకెళ్ళింది. ఏమో, నిజంగానే వైన్ తేడాయేమో అని ఆ నాలుగు అడుగులూ మనసుకు చెప్పుకుంటూనే ఉంది. మనసు నమ్మలేదు.

రెండో సీసా పోశారు. ముక్కుగారు వాసన చూసి గ్లాసు దూరంగా జరిపాడు. "ఒకటి కాదు, రెండూ అంతే. ఇది బిరడా కాదు, పీపాయే బూజు పట్టింది. తీసెయ్యండి."

గ్లాసులమ్మాయి ఖాళీ బకెట్టు తెచ్చే నెపంతో తల దించుకుని బయటికొచ్చేసింది.

సంచులు విప్పాక యజమానురాలే వచ్చి పెద్దావిడకు మెత్తగా చెప్పింది. పీపాలో ఏదో తేడా వచ్చింది, వచ్చే ఏడాది చూద్దాం అంది. "పీపా కడిగింది మా ఆయనే. నడుం నొప్పని సగంసగం కడిగుంటాడు," అంది పెద్దావిడ. సీసాల్లో మిగిలిన వైన్ వాళ్ళకే వదిలేసి లేచింది.

"శాలువా, పెద్దమ్మా..." అని ముడి విప్పబోయింది గ్లాసులమ్మాయి.

"ఉంచుకో తల్లీ, తడి ఇంకా ఆరలేదు. ఎప్పుడైనా వచ్చినప్పుడు తీసుకుంటాలే." వాకిలి దాటుతూ, "ఇక ఎందుకొస్తాను గాని," అని తనలో తనే అనుకుంది. అది ఇవతలికి వినపడింది.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి పిల్లను ఒళ్ళో వేసుకుంటే పిల్ల తాగడం మానేసి శాలువా అంచు పట్టుకుని లాగుతూ కూర్చుంది. "ఎవరిదే ఇది?" అంది అత్తగారు. "ఒక పెద్దావిడ ఇచ్చింది." "ఊరికే ఎందుకిస్తారు ఎవరైనా? ఏం చేశావ్ ఆవిడకి?" అత్తగారు సరదాకే అడిగింది. కోడలు మాత్రం అన్నం కంచంలోనే వదిలేసింది. చెయ్యి కడిగేసుకుని లేచింది.

తిరిగొచ్చేసరికి వంటమాస్టర్ వెళ్ళిపోయాడు. యజమానురాలు, ముక్కుగారు కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. సాయంత్రందాకా తటపటాయించి, గ్లాసులమ్మాయి పొద్దున అరలోంచి తీసిన గ్లాసు ఒకటి కడిగి, పెట్టెలోంచి తీసినది ఒకటి అలాగే తెచ్చి, తొమ్మిదో నంబరు సీసాలో మిగిలినది రెండింట్లోనూ పోసి ముక్కుగారి ముందు పెట్టింది. తొందరలో బల్ల మీద కొంచెం ఒలికింది.

"ఏంటమ్మా ఇది?"

"చూడండి సార్."

ఆయన మొదటిది చూశాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. రెండోది చూశాడు. ఆ పెద్దాయన మొహం చిన్నబోవడం ఆమె అదే మొదటిసారి చూడటం.

"గ్లాసు," అన్నాడు. "గ్లాసు వాసన. ఖాళీ గ్లాసు చూడకుండా నోరు పారేసుకున్నానన్నమాట. ముప్పై ఏళ్ళ మీద... ఛీ."

"పాపకి జ్వరమొచ్చిన రోజు ఆ పెట్టెలో పెట్టాను సార్. మళ్ళీ తీయలేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది యజమానురాలు.

"ఇప్పుడే మేడమ్. కడగబోతుంటే." నోట్లోంచి అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఆవిడది తీసుకుందాం," అని యజమానురాలు పెద్దావిడకు ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది. "నేను కాదు, నువ్వే చెప్పు."

అవతల కోళ్ళ అరుపులు, గేటు చప్పుడు. గ్లాసులమ్మాయి చెప్పింది. మీ వైన్‌లో ఏ తప్పూ లేదు పెద్దమ్మా, నా గ్లాసులది, మేడమ్ మీది తీసుకుంటామంటున్నారు అని గబగబా అప్పజెప్పినట్టు చెప్పేసింది. యజమానురాలు తల ఊపింది.



"మరి రెండోసారి గ్లాసులు మార్చారుగా తల్లీ," అంది పెద్దావిడ. నిలదీస్తున్నట్టు కాదు, లెక్క కుదరక అడిగినట్టు. "నా ఎదురుగానే వంగి తీశావు. వాసన కూడా చూశావు."

ముక్కుగారు తలెత్తాడు. యజమానురాలు కూడా. కంగారులో తెలియలేదు పెద్దమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. చేతికి శాలువా ముడి తగిలింది.

"తెలుసు పెద్దమ్మా. రెండోసారి తెలిసే పట్టుకెళ్ళాను."

ఆమె చెవులు వేడెక్కిపోయాయి. ఎటు చూడాలో తెలియక ఒలికిన వైన్ చుక్క వైపే చూస్తూ నిలబడింది.

"అయ్యో," అంది పెద్దావిడ. "నేను బస్సు దిగీ దిగంగానే మా ఆయన్ని చెడామడా తిట్టేశానే. నీ బద్ధకంతో తోట ముంచావని పక్కింటివాళ్ళు వినేలా అరిచాను. అన్నం కూడా తినకుండా పోయి పై చెక్కలో కూర్చున్నాడు. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని పిలవను?"

తర్వాత ఫోన్ ఎక్కడో పెట్టేసిన చప్పుడు, దూరంగా ఆవిడ గొంతు: "ఏవయ్యా! ఇటు రా! రావయ్యా, నీ తప్పేం లేదంట!" ఇంకా పైకి వెళ్ళిపోతూ అదే మాట, అదే మాట. యజమానురాలు చెయ్యి చాచి ఫోన్ కట్ చేసింది.

అరుస్తుందనుకుంది గ్లాసులమ్మాయి. అరిచి ఉంటే బాగుండేది. "రేపటి సంగతి రేపు చూద్దాం," అని మాత్రం అని యజమానురాలు, ఆమె మొహం చూడకుండా కాగితాలు తీసుకుని లేచి వెళ్ళింది.

వెనక గదిలో ఆమె అట్టపెట్టె చింపి మడిచి చెత్తబుట్టలో కుక్కింది. శాలువా తీసి తడి తగలని చోట మేకుకు తగిలించింది. పన్నెండు చిన్న గ్లాసులూ వేడినీళ్ళలో వేసి, ఒక్కొక్కటే కడిగి, తుడిచి, అరలో మూతి పైకి పెట్టింది. పన్నెండోది పెడుతుంటే ముక్కుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. ఇచ్చింది. ఆయన ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, ఈసారి తొందరపడకుండా, చాలాసేపు చూశాడు.

"మళ్ళీ కడుగు," అని తిరిగిచ్చాడు.

ఆమె మళ్ళీ కడిగింది. మిగతా పదకొండూ కూడా దించి, అవీ మళ్ళీ కడిగింది.