జానెడు కోసిన గెడ

ముహయ్యో తన తోడికోడలి అరికాళ్లకు సుద్దపొడి రాస్తోంది. మడమ నుంచి వేళ్లదాకా, వేళ్ల సందుల్లోనూ. అందిజాన్ ఊరి సంత మైదానంలో డోలు మోగుతోంది. పైన తాడు మీద ముహయ్యో భర్త తుల్కున్, మూడేళ్ల కొడుకును భుజాలకెత్తుకుని నడుస్తున్నాడు. జనం ఈలలు వేస్తున్నారు.

"పిల్లల తల్లివి, పడితే వాళ్ల గతేంటే?" అని ఆరేళ్ల కిందట ఆమెను తాడు మీంచి దింపింది ఆ భర్తే. "ఒళ్లు కూడా చేశావు, తాడు సాగిపోతుంది," అని నవ్వింది అత్తగారు. అప్పటినుంచి ముహయ్యోకి నేల మీద పనులే. మేకులు దిగ్గొట్టడం, గుంజలు ఒరగకుండా కట్టే తాళ్లు బిగించడం, ఇరవైమందికి పలావు వండటం. అదంతా ఓర్చుకుంది. కానీ మరిది పెళ్లాం సావొదత్ చేతులు పొట్టివని, తాడు మీద తూలకుండా ఒకప్పుడు తను పట్టుకున్న గెడను ఇంట్లోవాళ్లు రెండు కొసలా జానెడు కోసి, ఆ ముక్కలతో తన చేతే పొయ్యి రాజేయించిన రోజును ఓర్చుకోలేకపోయింది. ఈ పిల్ల పడకూడదని రోజూ దువా చేస్తుంది. ఒక్కసారి తూలితే బాగుండని కూడా రోజూ అనుకుంటుంది. రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతున్నాయో ఆమెకే తెలియదు.

సావొదత్ వంగి గుసగుసలాడింది. "అక్కా, నెల తప్పింది. తెలిస్తే నన్నూ దింపేస్తారు. ఇవాళొక్కసారి నడవనివ్వవూ?"

ముహయ్యో చేయి ఆగిపోయింది. ఆ మాట ఎంత తియ్యగా ఉందో! గెడను అంతకుముందు పట్టినవాళ్లు ప్రతిసారీ ఆమీన్ అని దీవించనిదే మరొకరు దాన్ని పట్టి తాడెక్కకూడదన్నది ఆ ఇంటి ఆనవాయితీ. తను ఆ ఒక్క మాట అనకపోతే చాలు, ఈ పిల్ల తాడెక్కలేదు. తలెత్తి చూసింది. ఆ పిల్ల కళ్లలో ఉన్నది పడతానన్న భయం కాదు, దింపేస్తారన్న భయం. ఆరేళ్ల కిందటి తన మొహమే అది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది ఈ మొహాన్ని చూసా?

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదక్కా. నీ మీదొట్టు."

"నా మీదెందుకే, గెడ మీద పెట్టు."

దిగివచ్చిన తుల్కున్ విసుక్కున్నాడు. "ఏంటే ఆలస్యం? ఆమీన్ అను!"

ముహయ్యో చేతులెత్తింది. "ఆమీన్."

సావొదత్ తాడెక్కింది. ముహయ్యో కింద కూర్చుని, చెప్పులు విప్పి, మిగిలిన సుద్దపొడి తన అరికాళ్లకు రాసుకోసాగింది.

"నీకెందుకే అది?" అంది అత్తగారు.

"తర్వాత నేను ఎక్కుతాను."

"ఎవరినడిగి?"

"ఆ గెడ ఇప్పుడు సావొదత్ చేతిలో ఉంది అత్తయ్యా. ఆమీన్ అనాల్సింది తను. మీరు కాదు."