పదమూడు మందికి ఇల్లు

"నువ్వు లే అమ్మాయ్, పిండి నేను పిసుకుతాను," అంది ఖోసియత్.

ముతబర్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లు. అత్తగారు ఆమె చేతిలోంచి పని అందుకోవడం ఇదే మొదటిసారి. మూడో కాన్పు తరవాత నలభై రోజులు నిండిన మర్నాడే తందూరు దగ్గరికి పంపిన మనిషి. అలాంటావిడ ఇవాళ అంగీ చేతులు పైకి మడుచుకుని, పక్కన పీట వేసుకుని కూచుంది.

"నాకేం కాలేదు అత్తయ్యా, బాగానే ఉన్నాను."

"బాగున్నావు కనకే లేవమంటున్నా. చేతులు కడుక్కుని మీ మామయ్య దగ్గరకెళ్లు. కొత్తింటి ప్లాను నువ్వే గీయాలి. మేస్త్రీ గీసింది చూశావా? గొర్రెల దొడ్డిలా ఉంది. చదువుకున్న కోడల్ని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ల కాళ్లు పట్టుకోవడమెందుకూ అన్నాను నేను."

చదువుకున్న కోడలు! ఇన్నేళ్లూ ఆ మాట ముతబర్ చాలాసార్లు విన్నది. సూపులో ఉప్పెక్కువైతే, "చదువుకున్న కోడలు కదా, కొలతలు తెలియవు పాపం." బియ్యంలో రాయి తగిలితే, "చదువుకున్న కళ్లకి రాళ్లు కనిపించవు కాబోలు." ఇవాళ అదే మాట వెనకాల నవ్వు లేదు, ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆమెకు భయం వేసింది. చేతికంటిన పిండి గీకుతూ, ఏం కావాలి వీళ్లకి నా దగ్గర, అనుకుంది.

పెళ్లికి ముందు ముతబర్ నమంగాన్ పట్నంలో ఇళ్ల నిర్మాణం చదివి, మూడేళ్లు జిల్లా ఆఫీసులో ప్లాన్లు గీసేది. బడి గోడలు, ఆస్పత్రి వరండాలు, కాలువ గట్టున పంపుల షెడ్లు. పెళ్లయిన రెండో వారమే తోహిర్ చెప్పాడు. "పదిమంది మగాళ్ల మధ్య కూచుని నువ్వు గీతలు గీస్తుంటే నేను బజారులో తలెత్తుకోలేను, ముతబర్." సారెతో పాటు ఆమె తెచ్చుకున్న ప్లాన్లు గీసే బల్లని అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, మంచి చెక్క అని మెచ్చుకుని, దాని మీద నూడుల్స్ పిండి ఒత్తించింది. మొదటి రోజు ఒత్తుతుంటే ముతబర్‌కి ఏడుపొచ్చింది. రెండో నెలకి రావడం మానేసింది.

మామగారు టీ పియాలా పక్కకి జరిపి కాగితం పరిచాడు. పాత ఇల్లు చాలడం లేదు, అమ్మేసి ఊరి చివర అందరికీ కలిపి ఒక్కటే పెద్ద ఇల్లు కట్టాలి. లెక్క ఆయనే చెప్పాడు. ఆయనా, అత్తగారూ. పెద్ద కొడుకు తోహిర్, ముతబర్, ముగ్గురు పిల్లలు. రెండోవాడు సాదిక్, అతని భార్య హిలోలా, ఇద్దరు పిల్లలు. చిన్నవాడు ఓయ్బెక్, వాడికి శరదృతువులో రాబోయే పెళ్లాం. మొత్తం పదమూడు మంది.

"పనికొచ్చేలా ఉండాలి. సోకులు వద్దు," అన్నాడు.

పనికొచ్చేలా అంటే ఎవరి పనికి? ఆ ప్రశ్న ఆమె పైకి అనలేదు. కానీ పెన్సిలు పట్టుకోగానే ఒళ్లంతా తేలికైపోయింది, అది మాత్రం దాచుకోలేకపోయింది. పాత ఇల్లు ఆమెకు అడుగులలో తెలుసు. పెరటి కుళాయి నుంచి వంటింటికి నలభై ఒకటి. వంటింటి నుంచి తందూరుకి ఇరవై మూడు. వంటింటి నుంచి అతిథుల గదికి ముప్పై ఆరు, మధ్యలో గడప, ఆ గడప దగ్గర చేతిలో పలావు పళ్లెంతో రెండుసార్లు పడింది, రెండుసార్లూ ముందు పళ్లెం పగిలిందా అని అడిగారు. పొద్దున ఆరింటికి పన్నెండు మంది లేస్తే ఒకే ఒక్క మరుగుదొడ్డి, వరసలో ఆఖరున ఎప్పుడూ కోడళ్లే, కడుపుతో ఉన్నప్పుడు కూడా. ఇంట్లోకెల్లా పెద్ద గది, ఎండ బాగా పడే గది, ఏడాదికి ఇరవై రోజులు వచ్చే అతిథులది. మూడువందల అరవై ఐదు రోజులూ ఆడవాళ్లు నిలబడే వంటింటికి ఉత్తరం వైపు చిన్న కిటికీ, చలికాలంలో ఆ గోడకి చెమ్మ ఊరి నల్లటి బూజు పట్టేది. ఇవన్నీ ఎవరూ అడగని సంగతులు. ఇప్పుడు కాగితం మీద ఒక్కొక్కటే సరిచేసింది. వంటిల్లు దక్షిణానికి తెచ్చి, తందూరు పక్కనే పెట్టి, కుళాయి లోపలికే లాగింది. మూడు మరుగుదొడ్లు. అతిథుల గది చిన్నది చేసి ఉత్తరానికి తోసింది.

మామగారు కనుబొమలు ముడిచాడు. "అంట్ల గిన్నెలకి ఎండా, అతిథులకి నీడానా?"

"ఉండనీ," అంది ఖోసియత్ వెంటనే. "కోడలు ఏం చెబితే అదే. రేపు ఆ ఇంట్లో పని చేసుకునేది తనే కదా."

ముతబర్ అత్తగారి ముఖంలోకి చూసింది. అక్కడ చిరునవ్వు తప్ప ఏమీ లేదు. తోడికోడలు హిలోలా గుమ్మం దగ్గర మరచెంబు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడింది. తరవాత గిన్నెలు తోముతూ గుసగుసగా, "అక్కా, వీళ్లకి ఏదో అయింది," అంది. "నిన్న నాకు కూడా అత్తయ్య మాంసం ముక్క వడ్డించింది. నాకు మింగుడు పడలేదు తెలుసా!"

నాలుగు రోజులు ఏం అడిగినా కాదనలేదు. అల్మరాలు, బట్టలుతికే చోట గచ్చు, పిల్లలు చదువుకోవడానికి అరుగు. అన్నింటికీ సరే. దాంతో ఆమెకు నిద్ర కరువైంది. చివరికి ఒక పరీక్ష పెట్టింది. తెలిసి తెలిసి పిచ్చి కోరిక ఒకటి గీసింది. మూడు మీటర్ల చదరపు గది, పెద్ద కిటికీ, లోపలి నుంచి గడియ. పక్కన రాసింది: ముతబర్ గది.

అందరూ భోజనాల దగ్గర ఉండగా ఆ కాగితం పళ్లేల మధ్య పెట్టింది. ఇప్పుడు అరుస్తారు, అనుకుంది. అరిస్తే బాగుండును, అనుకుంది.

తోహిర్ చూశాడు. మేకు కొట్టాలన్నా నాన్నని అడిగే మనిషి. "బాగుందిలే," అన్నాడు, చూపు రొట్టె మీదికి తిప్పుకుంటూ. మామగారు తల పంకించాడు. "గడియ మంచిది పెట్టిద్దాం," అంది ఖోసియత్.

ముతబర్ కాగితం వెనక్కి తీసుకుంది. ఇంత తేలిగ్గా ఇచ్చారంటే, నిజానికి ఇవ్వాల్సిన అవసరం రాదని వాళ్లకి తెలిసి ఉండాలి.

మర్నాడు గోడలు సరిగ్గా కూర్చడానికి స్థలం కొలతలు అడిగింది. మామగారు అంతదాకా "తరవాత చెప్తాలే" అంటూ వచ్చాడు. ఈసారి మేస్త్రీ చీటీ ఆమె చేతిలో పెట్టాడు. వీధి వైపు ఇరవై ఐదు మీటర్లు, లోపలికి ముప్పై రెండు. తూర్పున కాలువ. నైరుతి మూల కరెంటు స్తంభం. ఆమె స్కేలు పెట్టి హద్దులు గీసింది. ఈశాన్యం మూల కలవలేదు. మళ్లీ గీసింది. కలవలేదు. అక్కడ కాలువ వంపు తిరిగి స్థలాన్ని మీటరున్నర కోసుకుపోయింది.

ఆ వంపు ఆమెకు తెలుసు.

తొమ్మిదేళ్ల కిందట పేటలో పెళ్లయి పిల్లలున్న జంటలకు సర్కారు స్థలాలు ఇచ్చినప్పుడు, పెద్ద కూతురు నోజిమాని చంకనేసుకుని ఆ స్థలం చుట్టూ ఆమె అడుగులు వేసి కొలిచింది. కాగితం తోహిర్, ఆమె, ఇద్దరి పేరునా ఉంది. ఈ ప్రాంతంలో పెద్ద కొడుకులు వేరు పడతారు, చిన్నవాడు తల్లిదండ్రుల దగ్గర ఉండిపోతాడు, ఇల్లు వాడిది అవుతుంది. ఆ స్థలంలో వేరు కాపురం పెడదామని తోహిర్ కూడా మాట ఇచ్చాడు. సాదిక్ పెళ్లి కానీ, అన్నాడు. నాన్నకి ఆపరేషన్ కానీ, అన్నాడు. ఓయ్బెక్ సైన్యం నుంచి రానీ, అన్నాడు. ఆమె అన్నీ కానిచ్చింది.

బజారుకని చెప్పి మినీ బస్సెక్కి ఊరి చివర దిగింది. స్థలంలో కర్రలు పాతి తాళ్లు కట్టి ఉన్నాయి. ఇటికెలు దించేశారు కూడా. పక్క స్థలంలో టమాటాలు కోస్తున్న ఒకావిడ నడుం నిటారు చేసుకుంది.

"ఎవరి కోసం, అమ్మా?"

"ఊరికే చూద్దామని. ఇల్లెవరు కడుతున్నారు?"

"ఎవరో ముసలాయన. చిన్నకొడుకు పేరున కడుతున్నాడట. ఇక్కడే కూచుని టీ తాగి చెప్పాడు. ముందు స్థలం తన పేరుకి మార్చుకోవాలట, పెద్ద కోడలు సంతకం ఒక్కటే మిగిలిందట."

"ఆవిడ పెడుతుందా?"

"పెట్టక! మెత్తటి మనిషట. నాలుగు మంచి మాటలంటే కరిగిపోతుంది అన్నాడు." ఆవిడ పండిన టమాటా ఒకటి తీసి ఇచ్చింది. "తిను, ఎండలో వచ్చావు, మొహం పాలిపోయింది."

ముతబర్ అది చేత్తో పట్టుకునే ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తోహిర్‌ని, చొక్కా ఇస్త్రీ చేస్తూనే అడిగింది. "అది మన స్థలం కదండీ?"

అతను ఒక క్షణం కొత్తవాళ్ల ఇంట్లో ఉన్నట్టు చుట్టూ చూశాడు. "మన స్థలం, నాన్న స్థలం, ఇదేం మాట? అందరం అక్కడే కదా ఉండేది."

"ఓయ్బెక్ పేరున ఎందుకు?"

"నీకెవరు చెప్పారు?" గొంతు పెరిగింది, మళ్లీ తగ్గింది. "చూడు, అది ఉత్త కాగితం. చిన్నవాడికే కదా ఇల్లు పోయేది, ఎప్పటికైనా. అమ్మానాన్నల్ని వాడే చూసుకోవాలి."

"చూసుకునేది వాడా?"

తోహిర్ చొక్కా కోసం చెయ్యి చాపాడు. తండ్రి ముందు ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడే ఆ మనిషిని చూస్తే ఆమెకు జాలి కూడా వేసింది, అదే ఆమెకు కోపం తెప్పించింది. "మంగళవారం నోటరీ దగ్గర ఒక్క మాట చెబితే చాలు," అన్నాడు అతను. "పరువు తీయకు. నీకు గది కూడా ఇస్తున్నారుగా."

"ఇచ్చేది ఎవరండీ, ఎవరికి?" అంది ముతబర్. అతను చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. అప్పుడు చూసుకుంటే ఇస్త్రీ పెట్టె అడుగున దుప్పటి గోధుమరంగుకి మాడింది.

తరవాతి మూడు రోజులూ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అత్తగారు పిండి పిసికింది. మామగారు ప్లాను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె కూడా ఏమీ అనలేదు. అందరూ దాన్ని అంగీకారం అనుకున్నారు. ముతబర్‌కే తెలియదు అది అంగీకారమో కాదో. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? ముగ్గురు పిల్లలు, నలభైకి దగ్గరపడిన వయసు, పుట్టింట్లో తమ్ముడి కాపురం. పెడితే ఏమవుతుంది? ఆ ఎండ వంటింట్లో మరో ఇరవై ఏళ్లు. ఆ తరవాత ఒకనాడు ఓయ్బెక్ భార్య మెల్లిగా, "అక్కా, మా పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, మీకు వేరే చోటు..." అంటుంది. ఆ పిల్లది తప్పు కూడా కాదు.

మంగళవారం నోటరీ ఆఫీసుకి అయిదుగురు వెళ్లారు. ఓయ్బెక్ కొత్త బూట్లు వేసుకున్నాడు. నోటరీ కళ్లద్దాల ఆవిడ, చిన్నగా జలుబు చేసినట్టుంది, కాగితాలన్నీ చూసి, "సమ్మతి ఇచ్చేవాళ్లు తప్ప మిగతావాళ్లు బయట కూచోండి," అంది.

"అదేంటమ్మా," అంది ఖోసియత్, "మా కోడలికి మేం కాక ఎవరున్నారు?"

"పద్ధతి అండీ."

తలుపు మూసుకుంది. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. నోటరీ ఆవిడ గబగబా చదివింది. ఆమె వాటా మామగారి పేరుకి బదిలీ, ప్రతిఫలం ఏమీ లేకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా. తల ఎత్తింది. "ఇది మీకు ఇష్టమేనా?"

రోజుకి వంద ప్రశ్నలు విన్నది ముతబర్. టీ అయిందా, చొక్కా ఏది, పిల్లాడెందుకు ఏడుస్తున్నాడు, ఎంతసేపు. అడిగినవాళ్లెవరూ ఆమె ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఇలా ఆగలేదు. కలం పట్టుకుని ఈవిడ ఆగింది.

"ఇష్టం లేదు."

"సరిగ్గా వినపడలేదమ్మా."

"ఇష్టం లేదండీ."

నోటరీ ఆవిడ కలం పక్కన పెట్టింది. కాసేపు ఆమెనే చూసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "బయట నేను చెప్పనా? కాగితాల్లో ఏదో లోపం ఉందంటాను. చాలామంది ఆడవాళ్లు అలాగే చెప్పమంటారు. నాకు అలవాటే."

ముతబర్‌కి ఆ క్షణాన ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. అలా అంటే ఒక వారం గడుస్తుంది, బహుశా ఒక నెల. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అత్తగారు మళ్లీ పిండి పిసుకుతుంది.

"వద్దండీ," అంది.

లేచి తలుపు తనే తీసింది. వరండాలో బల్ల మీద వరసగా కూచున్న నలుగురూ ఒక్కసారే తలలెత్తారు. ఖోసియత్ అప్పటికే లేచి చేతిసంచీ సర్దుకుంటోంది.

"అయిందా అమ్మాయ్?"

"అయింది అత్తయ్యా," అంది ముతబర్. "నేను ఒప్పుకోలేదు."