రేవుపల్లె పంతుళ్ల చదువు

బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు పుస్తకాన్ని తలకిందులుగా తలుపులమ్మ చేతికిచ్చాడు. ఆ పిల్ల తడుముకోకుండా పాఠమంతా అప్పజెప్పింది. కళ్లు మాత్రం పుస్తకంలో లేవు.

"ఇదా నువ్వు నేర్పిన చదువు?" ఇన్‌స్పెక్టరు లోవరాజు వైపు తిరిగాడు. "బల్లెక్కి నిలబడు!"

పిల్లని కాదు, పంతులుని అన్నాడు ఆ మాట. లోవరాజు బల్లెక్కాడు.

నరసాపురం దిగువన, గోదారి ఒడ్డున ఉన్న ఆ జాలరిపల్లెలో బడి పెట్టిన మొదటి మనిషి అతనే. పుట్టింది వలలు లాగే ఇంట్లో. బడి పాక బయట తల్లులు గంపలు దించుకుని చూస్తున్నారు. వాళ్ల ముందు నిలబడ్డ సిగ్గు కన్నా, ఇన్‌స్పెక్టరు మాట నిజమన్న బాధ అతన్ని ఎక్కువ కోసింది. తనకెలా చెప్పారో తానూ అలాగే చెబుతున్నాడు. వల్లె వేయించడం తప్ప మరో దారి అతనికెవరూ చూపలేదు.

"రాజమండ్రిలో పంతుళ్లకి పాఠం చెప్పడం నేర్పే నార్మల్ స్కూలుంది. అక్కడ నేర్చుకుని రా. లేకపోతే బడికి గుర్తింపు పోతుంది," అనేసి ఇన్‌స్పెక్టరు పడవెక్కాడు.

ఆ స్కూల్లో చేరాలంటే తాలూకా బోర్డు మెంబరు జగన్నాథరావు సిఫారసు కావాలి. ఆ ఒడ్డు భూములన్నిటికీ ఆయనే జమీందారు. ఏట్లో చేపలు పట్టే హక్కుకి జరిగే వేలం పాట కూడా ఏటేటా ఆయన మనుషులదే.

లోవరాజు ఒక్కడే వెళ్లలేదు. చుట్టుపక్కల పల్లెల్లో, మాలపేటల్లో బడులు నడుపుతున్న పంతుళ్లని కూడగట్టుకుని వెళ్లాడు. అందరూ ఏదో ఒక రోజు బల్లెక్కినవాళ్లే. జమీందారు అరుగు మీద కూర్చుంటే, వీళ్లు ఎండలో నిలబడ్డారు.

"మీకు ట్రైనింగేంట్రా?" అన్నాడాయన. "రాజమండ్రిలో చోటు లేదు."

"పోనీ, నేర్పే మనిషినే మా పల్లెకి పంపండి బాబూ," అన్నాడు లోవరాజు. "మా పిల్లల మధ్య నిలబడి, పాఠం ఎలా చెప్పాలో చూపిస్తే చాలండి."

"వాళ్లకి చదువెందుకు? వలల్లో చేపలు తగ్గిపోయాయా?"

మాలపేట పంతులు పోతురాజు ఉండబట్టలేకపోయాడు. "రాదని శిచ్చించేదీ మీరే, నేర్పమంటే కుదరదనేదీ మీరే. మావాళ్లు చదువుకుంటే చేపల పాటకి వాళ్లే నిలబడతారని కదండీ మీ భయం?"

జవాన్లు వాళ్లని గేటు బయటికి నెట్టారు. ఆ నెలలోనే బడికి గుర్తింపు పోయింది.

రేవులో పంతుళ్ల మధ్య వాదన జరిగింది. కలెక్టరుకి అర్జీ పెడదామన్నారు కొందరు. బడులు మూసేద్దామన్నారు ఇంకొందరు. ఆ సంగతి నరసాపురంలో పనిచేసే పల్లంరాజు చెవినపడింది. ఆయన నార్మల్ స్కూల్లో చదివిన పంతులు. ఎవరూ పిలవకుండానే ఆదివారం పడవ దిగి వచ్చాడు.

పిల్లలతో పాటు పంతుళ్లంతా నేల మీద కూర్చున్నారు. పల్లంరాజు ముందే ఏదీ చెప్పలేదు. నల్లబల్ల మీద చేప బొమ్మ గీసి, "ఇదేంటమ్మా?" అని అడిగాడు. పిల్లలు అరిచారు. ఆ మాటని ముక్కలు చేసి పలికించాడు, ఒక్కో ముక్కకీ ఒక్కో అక్షరం చూపించాడు. తలుపులమ్మ మొదటిసారి అక్షరం కేసి చూసింది. ఇన్నేళ్లూ ఈ పిల్లలకి తానెంత అన్యాయం చేశాడో లోవరాజుకి అప్పుడు తెలిసింది.

ఆదివారాలు సాగాయి. వచ్చే పంతుళ్లు పెరిగారు. అప్పుడు పాక తన నేలలో ఉందని, బయటి పంతులు అందులో చొరబడ్డాడని జమీందారు కేసు పెట్టాడు. పోలీసు హెడ్డు జవాన్లతో వచ్చి, పాఠం మధ్యలోనే పల్లంరాజు చేతులకి బేడీలు వేశాడు.

"పిల్లలకి అచ్చరాలు చెప్పడం నేరమేంటయ్యా?" అంటూ జాలరి లోవమ్మ దారికి అడ్డం పడింది. ఆమె వెనక ఆడవాళ్లంతా నిలబడ్డారు. లాఠీలు లేచాయి. లోవమ్మ నుదురు చిట్లింది. పడవ పల్లంరాజుని ఎక్కించుకుని వెళ్లిపోయింది. లోవరాజు మోకాలిలోతు నీళ్లలో నిలబడిపోయాడు. ఏమీ చేయలేకపోయాడు. సాయంత్రానికి పాకని పీకేశారు.

మరుసటి ఆదివారం ఎవరూ రారనుకున్నాడు లోవరాజు. పోతురాజు వచ్చాడు. అవతలి ఒడ్డు పంతుళ్లు వచ్చారు. లోవమ్మ నుదుటికి గుడ్డ కట్టుకుని పిల్లల్ని తోలుకొచ్చింది.

"ఎక్కడ కూర్చుందాం?" అన్నాడు లోవరాజు. "ఒడ్డంతా ఆయనదేనంట."

"ఏరు ఆయనది కాదు కదా!" అంది లోవమ్మ.

ఆటుకి నీరు తీసి, ఏటి మధ్య ఇసక తిప్ప తేలి ఉంది. అందరూ పడవల్లో అక్కడికి చేరారు. పల్లంరాజు చెప్పినంతవరకూ లోవరాజు ఇసకలో రాసి చెప్పాడు. ఒత్తుల దగ్గర ఆగిపోయాడు. పాఠం అక్కడికి వచ్చినప్పుడే పల్లంరాజుకి బేడీలు పడ్డాయి. ఒత్తులు ఎలా నేర్పాలో ఎవరికీ తెలీదు. పోతురాజు లేచి ప్రయత్నించాడు, పిల్లలకి అర్థం కాలేదు. ఇంకొకరు లేచారు, అదీ కుదరలేదు.

ఒడ్డున హెడ్డు కేకలేస్తున్నాడు. పోటు మొదలైంది. నీళ్లు ఇసక మీది అక్షరాలని చెరిపేసి, పంతుళ్ల పాదాలు తడిపాయి. పిల్లలు లేచి పెద్దవాళ్ల చేతులు పట్టుకున్నారు. పడవలు పక్కనే ఉన్నాయి. ఎవరూ ఎక్కలేదు.

"అలా కాదేమో," అన్నాడు లోవరాజు, తలుపులమ్మ చేతిలోని పలక తీసుకుంటూ. "మళ్లీ మొదట్నించి చూద్దాం."